అతుకు ఖర్చు ఎవరి లెక్కలో వేశారు?

“స్థలం కొనక్కర్లేదు, పునాది తవ్వక్కర్లేదు. బోరుంది, గేటుంది, ప్రహరీ ఉంది. నాలుగు గోడలు లేపి స్లాబ్ పోసుకున్నావంటే సగం ధరకి ఇంకో ఇల్లు. డాబా ఊరికే ఎండకి ఎండుతోంది కదయ్యా!”

ఈ మాట మా బావగారు మొదటిసారి అన్నది ఒక పెళ్లిలో, రెండో బంతి భోజనాల దగ్గర. గోంగూర వడ్డించే కుర్రాడు కూడా గరిటె ఆపి విన్నాడు. ఆ తర్వాత గృహప్రవేశాల్లో, పరామర్శల్లో, చివరికి మా నాన్న పన్నెండో రోజు భోజనాలయ్యాక కూడా అదే పాఠం. ఆయనొక్కరి మాటే అయితే ఇంట్లోనే తేల్చుకునేవాణ్ణి. కానీ గుంటూరు నుంచి కరీంనగర్ దాకా సొంత డాబా ఉన్న ప్రతి మనిషికీ ఎవరో ఒక బావగారు ఇదే లెక్క చెబుతున్నారు. విని కట్టినవాణ్ణి కాబట్టి దాన్ని ఖండించే హక్కు నాకుంది. 2022లో మొదలుపెట్టాను. మూడు నెలల పని పదకొండు నెలలు పట్టింది. ఇప్పుడు ఆ పై పోర్షన్‌లోనే కూర్చుని ఇది రాస్తున్నాను. అంచేత ‘పైన వేయకండి’ అని ఎవరికీ చెప్పబోవడం లేదు. లెక్క తప్పు అంటున్నాను, అంతే.

బావగారి మాటలో నిజం బొత్తిగా లేదనడం అన్యాయం. పైన వేశాక మా కింది గదులు చల్లబడ్డాయి. అంతకుముందు మే నెలలో రాత్రి పది దాటినా స్లాబ్ సెగ కక్కుతుండేది, ఫ్యాను ఆ సెగనే కిందికి తోసేది. ఇప్పుడు ఆ ఎండంతా నా నెత్తిన పడుతోంది గాని అమ్మ హాయిగా నిద్రపోతోంది. ఊరు మారకుండా, పిల్లల బడి మారకుండా, పాలబ్బాయి మారకుండా ఇల్లు పెరిగింది. ఇవి చిన్న లాభాలేమీ కావు. సగం ధర అన్నదగ్గరే తకరారు.

పునాది ఉంది కదా అంటారు. ఉంది. ఎంతకి ఉంది?

మా ఇల్లు 1994లో నాన్న కట్టించింది. అప్పటికి మా వీధి చుట్టూ మిర్చి కళ్లాలు. నేల నల్లరేగడి. వేసవిలో చెయ్యి దూరేంత బీటలిచ్చే నేలే నాలుగు వానలు పడేసరికి ఉబ్బి బీటలన్నీ మింగేస్తుంది. దాని మీద కూర్చున్న ఇల్లు ఏటా కాస్త లేస్తుంది, కాస్త దిగుతుంది. మా వంటగది తలుపు శ్రావణంలో బిగుసుకుని శివరాత్రికి వదులైపోయేది. దాన్ని మేం చెక్క గుణం అనుకునేవాళ్లం.

కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు గారిని తీసుకొచ్చాను. బావగారికి అది నచ్చలేదు. “మేస్త్రీకి తెలియంది ఈయనకేం తెలుస్తుంది? ఇరవై ఇళ్లు కట్టాడు మన మేస్త్రీ” అన్నారు. ఇంజనీరు గారు ముందు డాబా ఎక్కనే లేదు. స్తంభం పక్కన గొయ్యి తీయించమన్నారు. ఇద్దరు కూలీలు మెట్ల పక్క స్తంభం దగ్గర అయిదడుగులు తవ్వారు. ఆయన పంచె ఎగ్గట్టి గోతిలోకి దిగి, టేపు పెట్టి కొలిచి, పైకొచ్చి చేతులు కడుక్కున్నారు. అడుగున దిమ్మె మూడున్నర అడుగుల చదరం. స్తంభం తొమ్మిదంగుళాల చదరం. దాంట్లో చువ్వలు నాలుగు, పన్నెండు ఎం.ఎం.వి.

“ఇది ఒక్క స్లాబ్ మోయడానికి కట్టింది. ముప్పై ఏళ్లు ఒకటి మోసింది గనక రెండోదీ మోస్తుందని మీరనుకుంటే నేను చెప్పగలిగిందేం లేదు” అన్నారాయన.

బరువు ఎంతో బావగారి లెక్కలో ఎప్పుడూ లేదు గనక ఇక్కడ వేస్తాను. అయిదంగుళాల స్లాబ్ చదరపు అడుగుకి దాదాపు 29 కిలోలు తూగుతుంది. మాది 900 అడుగులు, అంటే స్లాబ్ ఒక్కటే 26 టన్నులు. చుట్టూ తొమ్మిదంగుళాల ఇటుక గోడలు పదడుగుల ఎత్తున లేపితే, తలుపులూ కిటికీలూ తీసేసినా 38 టన్నులకి తక్కువ రావు. మధ్య గోడలు, బీములు, టైల్స్, వాటి కింద ఇసుక కూడా కలిపితే తొంభై టన్నుల చేరువకి వస్తుంది. పది టన్నుల లోడు లారీలు తొమ్మిది తెచ్చి మన డాబా మీద నిలబెట్టినట్టు. అవి దిగిపోయేవి కావు. ఇంకా మనుషులు ఎక్కలేదు, బీరువాలు ఎక్కలేదు, వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకు ఎక్కలేదు. అది నిండితే నీళ్లే ఒక టన్ను. పైగా ఈ బరువు తొమ్మిది స్తంభాల మీదా సమానంగా దిగదు. నడిమి స్తంభం మీదకి నాలుగు వైపుల స్లాబూ వచ్చి వాలుతుంది. మా నడిమి స్తంభం హాల్లో ఉంది, నాన్న దాని మీదే కేలెండరు తగిలించేవారు.

ఇంకో తమాషా. నిన్నటి తరం ఇళ్లలో చాలావాటికి అసలు స్తంభాలే ఉండవు, గోడల మీదే స్లాబ్ కూర్చుని ఉంటుంది. పూత కింద ఏముందో ఇంట్లో పుట్టి పెరిగినవాళ్లకీ తెలియదు. అలాంటి ఇంటాయన ఒకరు కింద హాలు పెద్దది చేసుకుందామని మధ్య గోడ పడగొట్టించి, అదే నెలలో పైన గది వేయించడం మా వీధిలోనే చూశాను. దేవుడి దయ, ఇప్పటికి స్లాబ్ కాస్త వంగి ఆగింది.

అందరికీ ఆ దయ ఉండదు. 2025 మార్చిలో భద్రాచలంలో కడుతూ కడుతూ ఉన్న బహుళ అంతస్తుల భవనం ఒక్కసారిగా కూలిపోయి పనివాళ్లు శిథిలాల కింద చనిపోయారు. పాత కట్టడం మీద అంతస్తులు లేపుతూ పోయారని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆ పాతదానికీ పునాది ఉండే ఉంటుంది కదా బావగారూ.

మాకు చెప్పిన వైద్యం ఇది: స్తంభాల చుట్టూ నేల తవ్వి దిమ్మెలు వెడల్పు చేయడం, పాత స్తంభానికి నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు కొత్త కాంక్రీటు, కొత్త చువ్వలు తొడగడం, పైన ఎర్ర ఇటుక మానేసి దాని బరువులో మూడో వంతు తూగే ఏఏసీ బ్లాకులు వాడడం. ఆ తొడుగు వేయాలంటే ముందు పాత స్తంభం పూత ఊడ్చేయాలి, కాంక్రీటు గరుకయ్యేదాకా ఉలితో చెక్కాలి. లేకపోతే కొత్తది పాతదాన్ని పట్టుకోదు. కింద గచ్చు పగిలింది, సున్నం రాలింది, రెండు నెలలు అమ్మ దేవుడి పటాలు పక్కింట్లో పెట్టుకుంది. నడిమి స్తంభం తొమ్మిదంగుళాలది పదిహేడైంది. టీవీ బల్ల దాని పక్కన పట్టక వరండాలో పడింది. కేలెండరుకి మాత్రం చోటు పెరిగింది.

ఇక పునాది కన్నా పెద్ద అబద్ధం చువ్వలు.

ఏ ఊళ్లోనైనా సాయంత్రం పూట బస్సులో వెళ్తూ డాబాల వైపు చూడండి. స్తంభాల నెత్తిన నాలుగేసి చువ్వలు ఆకాశంలోకి నిలబడి ఉంటాయి. అవి మన మధ్యతరగతి ఆశ. కొడుకు అమెరికా నుంచి రాకపోతాడా, కూతురి పెళ్లయ్యాక చేతిలో నాలుగు డబ్బులు మిగలకపోతాయా, పైన వేయకపోతామా! ఈలోపు వాటికి బట్టలారేసే తాడు కడతాం, సంక్రాంతికి గాలిపటాలు చిక్కుకుంటాయి. కంట్లో గుచ్చుకుంటాయని ఒకాయన మా వీధిలో ఖాళీ ప్లాస్టిక్ సీసాలు బోర్లించాడు. “చూశావా, మీ నాన్న ముందుచూపు! చువ్వలు వదిలే వెళ్లాడు” అని బావగారు కళ్లు తుడుచుకున్నారు.

నేనూ కదిలిపోయాను. ఇంజనీరు గారు కదల్లేదు. చిన్న సుత్తి తీసుకుని ఆ చువ్వ మీద నాలుగు దెబ్బలు వేశారు. అప్పడం ముక్కల్లా తుప్పు పెళ్లలు రాలాయి. తీగబ్రష్‌తో రుద్ది కొలిస్తే పన్నెండు ఎం.ఎం. చువ్వ పది చూపించింది. రెండే కదా అనుకున్నాను. చువ్వ బలం దాని కోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. వ్యాసం పన్నెండు నుంచి పదికి దిగితే వైశాల్యంలో దాదాపు మూడో వంతు పోయినట్టే. అంతకన్నా చెడ్డది ఇంకోటి ఉంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. బయటి చువ్వ వెంబడి వాననీరు స్తంభంలోకి దిగి, లోపల తుప్పు ఉబ్బి, కాంక్రీటుని లోపల్నుంచే పగలగొడుతుంది. మా మూల స్తంభం నెత్తిన జుట్టంత సన్నని నిలువు బీట ఎప్పుడొచ్చిందో మేమెవరం గమనించలేదు. అంటే, నాన్న మా కోసం వదిలిన ముందుచూపే ఆయన కట్టిన ఇంటిని తింటూ వచ్చింది. దాన్ని వదిలేటప్పుడే పలచని సిమెంటు పాలు పూసి, బీద కాంక్రీటుతో కప్పి ఉంచితే ఈ గొడవ ఉండేది కాదు. నాలుగు తట్టల పని.

మేస్త్రీ దగ్గర దీనికి తేలికైన మందు ఉంది. పక్కకి వంగిపోయిన చువ్వలని పైపు తొడిగి నిటారుగా లాగేస్తాడు, పొట్టిగా ఉంటే వెల్డింగు పెడతానంటాడు. తుప్పు పట్టిన చువ్వని వంచి మళ్లీ సాఫు చేస్తే వంపు దగ్గర చిట్లుతుంది. కొత్త చువ్వ పాతదాని పక్కన చువ్వ మందానికి యాభై రెట్ల దాకా జోడుగా సాగాలి, పన్నెండు ఎం.ఎం.కి రెండడుగులు. మాకు బయట మిగిలిన మంచి ఇనుము జానెడు లేదు. అందుకని స్తంభాల నెత్తులు చెక్కి మంచి చువ్వ కనిపించేదాకా దిగారు, రెండు చోట్ల రంధ్రాలు వేసి రసాయనంతో కొత్త చువ్వలు పాతారు. ఒక్కో రంధ్రానికి అయిన ఖర్చు చెప్తే బావగారు నమ్మలేదు, బిల్లు చూపించాను.

పక్కకి కలుపుకునేవాళ్లు దీన్నించి తప్పించుకున్నామనుకోకూడదు. పాత గది ముప్పై ఏళ్లలో దిగాల్సినంతా దిగి స్థిరపడి ఉంటుంది. పక్కన కొత్తగా వేసిన గది ఇప్పుడిప్పుడే దిగడం మొదలుపెడుతుంది. రెండిటినీ ఒకే గోడగా కట్టేస్తే ఆ కలిసిన చోట బీట రాక మానదు. మధ్యలో అంగుళం సందు వదిలి, కప్పు దగ్గర నీళ్లు దిగకుండా మూత వేయాలి. ఆ సందు చూసి ‘పనితనం లేదు’ అని సిమెంటుతో పూడ్చేయించిన ఇల్లుగలాయన్ని కూడా ఎరుగుదును. ఏటా ఉగాదికి ఆయన బీట పూయిస్తాడు, దసరాకి మళ్లీ తెరుచుకుంటుంది.

అసలు బావగారి లెక్క తప్పిన చోటు ఇదే: అతుకు. కొత్త గోడకి అడుగు ఇంత, స్లాబ్‌కి అడుగు ఇంత అని అందరూ చెబుతారు. కొత్తదాన్ని పాతదానికి అతికే చోట అడుగు ఎంతో ఎవరూ చెప్పరు. కాంట్రాక్టరు చెప్పడు, ఎందుకంటే అది ఎంతకి తేలుతుందో పాతది విప్పేదాకా అతనికీ తెలియదు.

మా డాబా మీద ఎండావానా ఆపడానికి నాన్న వేయించిన సున్నం, ఇటుక ముక్కల పొర ఉండేది. పైన గచ్చు వేయాలంటే అది పెకలించాలి, బరువు తగ్గుతుంది కూడా. పెకలించిన వారానికి అకాల వర్షం. ముప్పై ఏళ్లుగా చుక్క కారని మా పడకగది పైకప్పు నుంచి బిందెల్లో నీళ్లు పట్టాం. ఆ తర్వాత బాత్రూమ్. పైన బాత్రూమ్ ఎక్కడ పెట్టినా దాని కింద ఏదో ఒకటి ఉంటుంది. వంటగది మీద వద్దంది అమ్మ. దేవుడి గది మీద పెడతామని నోటితో అనడానికే ఎవరికీ ధైర్యం చాలలేదు. మిగిలింది కింది బాత్రూమ్ నెత్తి, అక్కడికి పైపులు కలపడం సులువే. కానీ సిద్ధాంతి గారు నైరుతిలో బరువుండాలని పై గదులు నైరుతి మూలకి జరిపించారు, కింది బాత్రూమ్ వాయవ్యంలో మిగిలిపోయింది. ఆ మధ్య దూరం పైపులు నడపడానికి గచ్చు ఆరంగుళాలు ఎత్తు చేయాల్సి వచ్చింది. మళ్లీ బరువు! సిద్ధాంతి గారు మా ఇంటికి మూడుసార్లు వచ్చారు, ఇంజనీరు గారు నాలుగుసార్లు. ఇద్దరినీ ఒకే రోజు పిలవకపోవడం నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని. ఇంకా, నలుగురికి తవ్విన సెప్టిక్ ట్యాంకు ఎనిమిది మందికి చాలలేదు. మీటరు నుంచి వచ్చే పాత తీగ రెండో ఏసీ వేసిన రాత్రి కమురు వాసన కొట్టింది. ఇవన్నీ ‘ఉన్నాయి కదా’ అన్న జాబితాలోవే.

అంకెలు చెప్పేస్తాను. మా ఊళ్లో అప్పుడు అడుగు 1,800 చొప్పున 900 అడుగులకి కొత్త ఇల్లయితే 16 లక్షల 20 వేలు. బావగారు సగం అన్నారు గనక ఎనిమిది. పునాది, బేస్‌మెంటు లేనందుకు నిజంగా మిగిలింది రెండు లక్షల చిల్లర. ఆ మిగులు తీసేస్తే 14 లక్షలకి పూర్తి కావాలి. అతుకు పనులకి, అంటే కింద స్తంభాల తొడుగులు, పాత పొర పెకలింపు, పైపులు, ట్యాంకు, తీగలు, పగిలిన కింది గచ్చు, మళ్లీ కింద రంగులు, అన్నిటికీ కలిపి నాలుగున్నర లక్షలు. మొత్తం పద్దెనిమిదిన్నర. స్థలం కొనలేదన్నది నిజమే, ఆ ఒక్క లాభం లేకపోతే ఈ వ్యవహారానికి అర్థమే లేదు. కానీ కట్టుబడి మాత్రం ఖాళీ నేల మీద కట్టిన దానికన్నా ఎక్కువే పడింది. 2024 జులై నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో ఇసుక ఉచితమని బావగారు ఈమధ్య లెక్క మార్చారు. ఎత్తుడు కూలీ, లారీ బాడుగ మనవే. అదీగాక ఇంటి ఖర్చులో ఇసుక ఎంతని?

అద్దె అప్పు తీర్చేస్తుందన్నది ఇంకో మాట. “పదేళ్లు కళ్లు మూసుకో, అద్దెతోనే లోను తీరిపోతుంది.” 12 లక్షలు తెచ్చాను. ఎనిమిదిన్నర వడ్డీకి పదేళ్ల వాయిదా నెలకి దాదాపు 14,900. మొదట్లో నేను కిందే ఉండి పై పోర్షన్‌ని ఏడాది అద్దెకిచ్చాను, వచ్చింది 8,500. అందులో మధ్యలో రెండు నెలలు ఖాళీ. కళ్లు మూసుకోలేదు, బాగా తెరిచే ఉంచి మిగతాది జీతంలోంచి కట్టాను. అద్దెకుండేవాళ్లు పైన మిక్సీ వేస్తే కింద అమ్మకి బీపీ పెరిగేది. చివరికి మేమే పైకొచ్చేశాం, ఆ వచ్చే 8,500 కూడా పోయింది.

అనుమతి సంగతి బావగారు చిటికెలో తేల్చేస్తారు. “కట్టేసేయ్, బీపీఎస్ మళ్లీ రాకపోతుందా!” అనుమతి లేని కట్టడాలని జరిమానా కట్టించుకుని క్రమబద్ధీకరించే ఆ పథకం వచ్చిన మాట వాస్తవం. 2007లో ఒకటి, 2015లో ఒకటి, 2019లో ఇంకోటి. తెలంగాణలో 2015లో క్రమబద్ధీకరణ పథకం పెట్టారు, అది కోర్టు వ్యాజ్యాల్లో చిక్కుకుని దరఖాస్తుదారులు ఫీజు కట్టి ఏళ్లకేళ్లు ఎదురుచూశారు. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు బావగారి కంటబడినట్టు లేదు. చాలా ఏళ్లుగా కాపురం ఉంటున్నామనో, బోలెడు డబ్బు పోశామనో, అధికారులు ఇన్నాళ్లూ ఊరుకున్నారనో చెప్పి అక్రమ కట్టడాన్ని సక్రమం చేయమనడం కుదరదని అందులో తేల్చింది. పూర్తయినట్టు ధ్రువపత్రం చూశాకే బ్యాంకులు అప్పివ్వాలనీ చెప్పింది. రేపు ఆ పోర్షన్ అమ్మబోతే కొనేవాడి బ్యాంకు అడిగే మొదటి కాగితం అదే.

హైదరాబాద్‌లో ఉండే మా పిన్ని కొడుకు దీనికి నవ్వాడు. “మాకు డెబ్భై అయిదు గజాల లోపైతే పర్మిషనే అక్కర్లేదన్నయ్యా, పైన ఒక అంతస్తు దాకా రిజిస్టర్ చేసుకుంటే చాలు.” నిజమే, 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం ఆ వెసులుబాటు ఇచ్చింది. మంచిది, పేదవాడికి ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది. కానీ ఆ చట్టం వాళ్ల స్తంభం చదవలేదుగా. తమ్ముడూ, నువ్వు ముందు గొయ్యి తీయించు.

‘డాబా ఊరికే ఎండుతోంది’ అన్న మాటకి నేను జవాబు చెప్పనక్కర్లేదు, అమ్మని అడగండి. ఆ ఎండలోనే ఇరవై ఎనిమిది ఏళ్లు గుమ్మడి వడియాలు, మినప వడియాలు, ఊరమిరపకాయలు ఎండాయి. ఆవకాయ ముక్క తుడిచి ఆరబెట్టింది అక్కడే. కరెంటు పోయిన రాత్రుళ్లు నవారు మంచాలు వేసుకుని చుక్కలు లెక్కపెట్టింది అక్కడే. అక్క పెళ్లికి వంటలు అక్కడే చేశారు. ఇప్పుడు డాబా ఇంకో అంతస్తు పైకి వెళ్లిపోయింది. అక్కడికి నలభై రెండు మెట్లు. అమ్మకి డెబ్భై మూడు. కిందటి ఏడాది తెల్లటి పంచె ముక్క పోర్టికో నెత్తిన పరిచి వడియాలు పెట్టింది. మల్లె పందిరి నీడ పడి సగం బూజు పట్టాయి. ఈ ఏడాది బజార్లో కొన్నాం. ఆ ప్యాకెట్టు ధర కూడా బావగారి లెక్కలో కలపమని నా మనవి.

అన్నిటికన్నా గట్టి అతుకు సిమెంటుతో పడేది కాదు. నాన్న వీలునామా రాయకుండా పోయారు. ఇల్లు ఆయన స్వార్జితం. హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం అమ్మకి, అక్కకి, నాకు తలా మూడో వంతు. అంటే నేను వేస్తున్న పై అంతస్తు నా సొమ్ముతోనే లేచినా, నిలబడేది ముగ్గురి స్తంభాల మీద. ఆడపిల్లలకి పిత్రార్జితంలోనే సమాన వాటా ఇచ్చిన రాష్ట్రం మనది, దేశమంతటికీ 2005లో వచ్చిన మార్పు ఇక్కడ 1986లోనే చట్టమైంది. అయినా మన ఇళ్లలో ‘పైది తమ్ముడు వేసుకున్నాడు, కిందది ఇద్దరిదీ’ అని నోటిమాటగా సాగిపోతుంటుంది. నోటిమాట మీద పద్దెనిమిదిన్నర లక్షలు పోయడం, గొయ్యి తీయకుండా స్లాబ్ పోయడం లాంటిదే. అన్నదమ్ముల మధ్య పై పోర్షన్ల దావాలు చూసిన ఏ సివిల్ వకీలునైనా అడగండి. గోడ ఎవరిదని మొదలవదు తగాదా. మెట్ల దారి ఎవరిది, డాబా హక్కు ఎవరిది, మోటారు కరెంటు బిల్లు ఎవరిది అని మొదలవుతుంది.

కాగితం రాసుకుందామని అక్కతో అన్నాను. అక్క సరేనంది. బావగారికి కోపమొచ్చింది.

“మనలో మనకి దస్తావేజులేమిటయ్యా? నేను నీ దగ్గర వాటాకొస్తానా?”

“మీరు రారు బావగారూ. రేపు మన పిల్లలు వస్తారు. వాళ్లకి మనం భోజనాల దగ్గర చెప్పుకున్న మాటలు తెలియవు.”

ఆయన మూడు వారాలు మా గుమ్మం తొక్కలేదు. సెంట్రింగ్ పని ఆపి కూర్చున్నాను, సరుగుడు బాదుల అద్దె రోజుకింత చొప్పున పెరుగుతోంది. అక్కే ఆయన్ని వెంటబెట్టుకొచ్చింది. కింది ఇంట్లో అక్క వాటా అక్కదే, పై అంతస్తు, దాని మీది డాబా నావి, మెట్లు అందరివీ అని రాసుకుని రిజిస్టర్ చేయించాం. స్టాంపు డ్యూటీకి, వకీలుకి అయిన ఖర్చు పైన చెప్పిన నాలుగున్నర లక్షల్లో లేదు. సాక్షి సంతకం బావగారిదే. పెట్టేటప్పుడు చెయ్యి వణికింది, కోపంతోనో వయసుతోనో నేను అడగలేదు.

స్లాబ్ పోసిన రోజు మొదలయ్యేసరికి తెల్లారి ఆరు. మిల్లరు, పాతికమంది మనుషులు, కింద బిర్యానీ గిన్నె. కాంక్రీటు జారుగా పోవాలని మిల్లరు దగ్గర కుర్రాడు అదనంగా బకెట్ నీళ్లు కుమ్మరిస్తుంటే ఇంజనీరు గారు గొడుగుతో అడ్డం వెళ్లి నిలబడ్డారు. నీళ్లు ఎక్కువైతే కాంక్రీటు బలం తగ్గుతుందని తాపీ పట్టిన ప్రతివాడికీ తెలుసు, అయినా పొయ్యక మానరు, చెయ్యి సులువవుతుందని. మధ్యాహ్నానికి బావగారు టవల్ నెత్తిన వేసుకుని నీడన కుర్చీ వేయించుకున్నారు.

చివర్లో మేస్త్రీ స్తంభాల దగ్గరికొచ్చి, “సార్, చువ్వలు రెండడుగులు వదలమంటారా?” అని కేకేశాడు.

నేను నోరు తెరిచేలోపు కింద కుర్చీలోంచి జవాబు వచ్చింది. “వదలవయ్యా, వదులు! రేపు మనవడు పైన వేసుకుంటాడు.”

నక్షాలో ఇంజనీరు గారు ఎర్రసిరాతో రాసి ఉంచారు, దీని మీద ఇంకో అంతస్తు లేదని. మేస్త్రీకి ఆ కాగితం చూపించాను. అతను దాని వంకా, నా వంకా, కింద బావగారి వంకా చూశాడు. తర్వాత పైపు తీసుకుని చువ్వలు ఒక్కొక్కటే లోపలికి వంచి, వాటి మీద తట్టెడు కాంక్రీటు వేసి తాపీతో నున్నగా దువ్వాడు.

“డాబా బోసిగా ఉంటుంది సార్” అన్నాడు దిగుతూ.